అప్పులు చేసిన కొడుకు ఇంట్లోనే ఉన్నాడు: మళ్లీ కట్టాలా, బయటికి పంపాలా?

తెనాలి అమ్మ:
మా అబ్బాయికి 29. హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేశాడు. పోయిన ఏడాది "ఇంటి నుంచే పని" అంటూ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేశాడు. ఉద్యోగం పోయి అప్పటికే మూడు నెలలైందని తర్వాత తెలిసింది. ఆన్‌లైన్ రమ్మీ, క్రికెట్ బెట్టింగు, వాటికోసం లోన్ యాప్‌లు. మొదటిసారి మావారి రిటైర్మెంట్ డబ్బుల్లోంచి మూడున్నర లక్షలు కట్టాం. నా తల మీద చెయ్యేసి ఒట్టేశాడు. రెండోసారి నా గాజులు పోయాయి. ఇప్పుడు మళ్లీ 2,40,000 అంటున్నాడు.

పగలంతా గది గడియ పెట్టుకునే ఉంటాడు. రాత్రి రెండింటికి లేస్తే తలుపు కింద నుంచి ఫోన్ వెలుగు కనిపిస్తుంది. కంచం గుమ్మం దగ్గర పెట్టి వస్తే ఎప్పటికో తింటాడు. బీరువా తాళంచెవి పుస్తెలతాడుకి కట్టుకుని పడుకుంటున్నాను. కన్నకొడుక్కి భయపడి! మావారు "ఇదే ఆఖరు, కట్టేద్దాం" అంటారు. మా తమ్ముడు "గెంటేయి, వాడే దారికొస్తాడు" అంటాడు. మీరైతే ఏం చేస్తారు?

ఒంగోలు మాస్టారు:
మీ తమ్ముడి మాటే నాదీనమ్మా. ఈ "ఆఖరు" మా అన్నయ్య ఇంట్లో ఐదుసార్లు చూశాను. అయిదోసారికి ఇల్లే తాకట్టులో ఉంది. మీరు కష్టపడి కట్టుకున్న సొంత ఇల్లయితే, పెద్దవాడైన కొడుక్కి అందులో ఉండే హక్కేమీ లేదు, మీరు ఉండనిస్తే ఉంటాడంతే. ఢిల్లీ హైకోర్టు 2016లో ఈ మాటే చెప్పింది. వేధిస్తుంటే, 60 దాటినవాళ్లు 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో నడిపే ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. అవసరమైతే ఖాళీ చేయించే అధికారం కూడా ఆ ట్రిబ్యునల్‌కి ఉందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ముసలితనంలో మీ గతేమిటో ఆలోచించారా?

వరంగల్ చెల్లెలు:
మాస్టారూ, కాగితం మీద అంతా బాగానే ఉంటుందండీ. మా అన్నయ్యని అలాగే పంపేశాం. ఆరు నెలలు ఎక్కడున్నాడో తెలియదు. దొరికినప్పుడు రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఉన్నాడు. మా అమ్మని "మీరెవరు" అని అడిగాడు. తాగుడు అనుకున్నాం, దాని వెనక జబ్బుందని అప్పటిదాకా మాకెవరికీ తట్టలేదు. ఇప్పుడు మందులు వేసుకుంటున్నాడు, కిరాణా కొట్టులో లెక్కలు రాస్తున్నాడు. అమ్మ మాత్రం ఆ ఆరు నెలల్లోంచి ఇంకా బయటికి రాలేదు.

పాత రమ్మీ ఆటగాడు:
నేను ఆ గది లోపల కూర్చున్నవాణ్ని. నా మాట వినండి. దయచేసి కట్టొద్దు ఆంటీ. మా నాన్న నాలుగు లక్షలు కట్టిన మర్నాడే యాప్‌లో మెసేజ్ వచ్చింది, "మీ లిమిట్ పెరిగింది" అని. నాన్న చెప్పులు అరిగేలా తిరిగి తెచ్చిన డబ్బు నాకు కొత్త అప్పు ఇప్పించింది. తెలంగాణలో 2017లో, ఏపీలో 2020లో ఈ ఆటలు నిషేధించారు. నేను పోగొట్టుకున్నదంతా ఆ తర్వాతే! 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది, సరే. చట్టం వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకండి.

మీరు హామీ సంతకం పెట్టకపోతే వాడి అప్పు మీ అప్పు కాదు. రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది. అయినా చేస్తారు. రికార్డు చేసి పెట్టుకోండి.

కానీ ఇంట్లోంచి పంపొద్దు. మా నాన్న డబ్బు ఆపేశాడు, అన్నం ఆపలేదు. నా జీతం రెండేళ్లు అమ్మ ఖాతాలో పడింది, బస్సు ఛార్జీ అడిగి తీసుకునేవాణ్ని. సిగ్గుగానే ఉండేది. అదే నన్ను నిలబెట్టిందేమో.

ఒంగోలు మాస్టారు:
బాబూ, నువ్వు మారాలనుకున్నావు, మారావు. మారనంటే? రేపు తల్లి మీద చెయ్యి చేసుకుంటే?

వార్డు నర్సు, విశాఖ:
చెయ్యి చేసుకుంటే 112కి ఫోన్ చేయాలి మాస్టారూ, అక్కడ రెండో మాట లేదు. కానీ ఈమె రాసిన దాంట్లో నాకు కొట్టేవాడు కనపడలేదు, నిద్రపోనివాడు కనపడ్డాడు. జూదం వ్యసనం, డిప్రెషన్ చాలామందిలో కలిసే ఉంటాయి. అమ్మా, ఒక్క సంగతి చెప్పండి. "నేను పోతే మీకు పీడ వదులుతుంది" లాంటి మాట ఎప్పుడైనా అన్నాడా? అంటే అప్పు లెక్క పక్కన పెట్టండి, ఆ రోజే డాక్టరుకి చూపించాలి. అర్ధరాత్రయితే 14416, టెలిమానస్ అని మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

ఎత్తుకెళ్లి ఏదో సెంటర్లో పడేద్దామని బంధువులు సలహా ఇస్తారు. వినకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మనం అడిగినంత మాత్రాన పెద్దవాణ్ని చేర్చుకోకూడదు. తనకో ఇతరులకో ప్రమాదం ఉందనో, తన బాగు తాను చూసుకోలేడనో ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి తేల్చాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు. అదైనా మొదట 30 రోజుల వరకే. వాడు రానంటే మీరిద్దరే వెళ్లండి. తల్లిదండ్రులు మాత్రమే వచ్చే కేసులు మా ఓపీలో బోలెడు. ఇంట్లో ఎలా మాట్లాడాలో అయినా తెలుస్తుంది.

తెనాలి అమ్మ:
నర్సమ్మా, అన్నాడు. పోయిన ఆదివారం. కోపంలో అన్నాడులే అనుకుని నేను గిన్నెలు కడుక్కుంటూ ఉండిపోయాను.

నిన్న రాత్రి 14416కి ఫోన్ చేశాం. మావారు మాట్లాడుతూ ఏడ్చేశారు. ముప్పై రెండేళ్లలో నేను చూడటం అదే మొదటిసారి. పొద్దున్నే స్క్రూడ్రైవర్ తెచ్చి గది గడియ ఊడదీశారు. వాడు మంచం మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు, ఏమీ అనలేదు. మధ్యాహ్నం గుంటూరు వెళ్తున్నాం డాక్టరు దగ్గరికి. ముగ్గురమా ఇద్దరమా, ఆటో వచ్చాక తెలుస్తుంది.

అప్పు సంగతి మా ఇద్దరి మధ్య తేలలేదు. ఆయన చెక్కుబుక్కు తీసి టీవీ మీద పెట్టారు, నేను తీసి బియ్యం డబ్బాలో దాచాను. మాస్టారూ, మీ మీద కోపం లేదండీ.