కొత్త నవలను సగంలో మూసేయడం తప్పా?

వరండా కుర్చీ:

ఈ వేసవిలో పదకొండు కొత్త నవలలు తెరిచాను. ఆరు చివరిదాకా చదివాను. ఐదు మధ్యలో మూసేశాను. మొదలుపెట్టిన నవలను వదిలేసే అలవాటు నాకు ఎప్పుడూ లేదు. నచ్చకపోయినా పళ్ల బిగువున చదివేసేదాన్ని. ఈసారి వదిలేశాను, వదిలేశాక హాయిగా అనిపించింది. ఈ మాట మా అక్కతో అంటే తనకు నిజంగానే కోపం వచ్చింది. "ఒకరు ఏళ్ల తరబడి కూర్చుని రాసినదాన్ని నువ్వు ఒక్క మధ్యాహ్నంలో తీసి పక్కన పడేస్తావా?" అంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. వారం రోజులుగా అదే ఆలోచన. అందుకే మీ ముందు పెడుతున్నాను.

పుస్తకాల పేర్లు కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే చర్చంతా ఆ పుస్తకం బాగుందా లేదా అన్నదాని మీదికి పోతుంది. నా ప్రశ్న అది కాదు.

ముందు నా వైపు మాట చెబుతాను. ఆ ఐదింటిలో ఒకటి మూడు తరాల కుటుంబ కథ. 140వ పేజీ దాకా రావడానికి రెండు వారాలు పట్టింది. ఓ మధ్యాహ్నం చదువుతూ చదువుతూ, అదే వాక్యం నాలుగోసారి చదువుతున్నానని గమనించాను. పుస్తకం మూసి, ఆపిన చోట గుర్తుగా చూపుడు వేలు లోపలే ఉంచుకుని కూర్చున్నాను. కిటికీ తెర కింద నుంచి వచ్చిన ఎండ చార నేల మీద జరుగుతూ జరుగుతూ నా కాలి బొటనవేలిని తాకింది. తీగ మీద ఆరేసిన దుప్పటి గాలికి ఉబ్బి మళ్లీ వాలిపోతోంది. ఎక్కడో ఎవరో కొళాయి కట్టేశారు. ఆ నీళ్ల చప్పుడు ఆగాకే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసింది. ఆ రెండు వారాల్లో ఒక్క మధ్యాహ్నాన్ని కూడా నేను అలా చూడలేదు. అటు నవలా సరిగ్గా చదవలేదు, ఇటు సెలవులూ అనుభవించలేదు. మెల్లగా వేలు బయటికి తీసేశాను.

ఆ సాయంత్రం ఇంకో నవల తెరిచాను. అక్షరాలు కనిపించనంత చీకటి పడేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ఫ్రెంచ్ రచయిత డేనియల్ పెన్నాక్ చాలా ఏళ్లు పంతులుగా పనిచేసినవాడు. 1992లో అచ్చయిన తన పుస్తకంలో పాఠకుడికి పది హక్కులున్నాయని రాశాడు. మొదటిది అసలు చదవకపోయే హక్కు. రెండోది పేజీలు దాటేసే హక్కు. మూడోది పూర్తిచేయకుండా వదిలేసే హక్కు. పిల్లలకు పుస్తకమంటే బెదురు పోవాలన్నది ఆయన తపన. ఆ బెదురు పెద్దవాళ్లలో కూడా ఉంటుందని, నాలో ఉందని, ఈ వేసవిలోనే తెలిసింది నాకు.

ఎర్ర దారం:

నేను మీ అక్కగారి పక్షం.

పాత నవల సంగతి వేరు. వందేళ్ల కిందటి పుస్తకాన్ని మీరు మధ్యలో మూసేస్తే దానికి వచ్చే నష్టం ఏమీ లేదు. చదివేవాళ్లు చదువుతూనే ఉంటారు. కొత్త నవలకు ఇంకా ఎవరూ పూచీ పడలేదు. దానికి మనమే మొదటి పాఠకులం. మనమంతా 140వ పేజీ దగ్గర ఆగిపోతే 200వ పేజీలో ఏముందో చెప్పే మనిషే ఉండడు.

ఇటలీ రచయిత ఉంబెర్టో ఎకో నవల 'ది నేమ్ ఆఫ్ ది రోజ్' 1980లో వచ్చింది. అచ్చుకు ముందే మిత్రులూ, ప్రచురణ సంస్థవాళ్లూ మొదటి వంద పేజీలు మరీ కష్టంగా ఉన్నాయి, తగ్గించమన్నారు. ఆయన ససేమిరా అన్నాడు. కథంతా ఒక మఠంలో ఏడు రోజులు జరుగుతుంది. ఆ మఠంలో ఉండదలచినవాడు దాని నడకకు అలవాటు పడాల్సిందేనని, కొండ ఎక్కేవాడు ముందు ఊపిరి కుదుర్చుకున్నట్టే నవలలోకి వచ్చేవాడూ కుదుర్చుకోవాలని తర్వాత వివరంగా రాశాడు. ఆ పుస్తకాన్ని ప్రపంచం నెత్తిన పెట్టుకుంది. మొదటి వంద పేజీలు అలాగే ఉన్నాయి.

నా సంగతి చెబుతాను. కిందటి నెల చదివిన కొత్త నవలలో ఒక ముసలాయన గడియారాలు బాగుచేస్తుంటాడు. నూట యాభై పేజీల దాకా ఇంకేమీ జరగదు. పళ్లచక్రాలు, స్ప్రింగులు, చిన్న స్క్రూడ్రైవర్లు, గోడ అవతల పక్కింటి గడియారం కొట్టే గంటలు. నాకూ విసుగొచ్చింది. 160వ పేజీలో ఓ రాత్రి ఆయన పనిచేస్తూ చేస్తూ తలెత్తుతాడు. పక్కింటి గడియారం కొట్టలేదు. రోజూ దానికి కీ ఇచ్చే మనిషికి ఏమైందో ఆయనకు అర్థమవుతుంది. రచయిత్రి ఒక్క మాట కూడా చెప్పదు. అక్కడ నాకు ఒళ్లు జలదరించింది. నూట అరవై పేజీల పాటు నేను కూడా ఆ గంటలు విన్నాను కాబట్టే. ఇప్పుడు ఇక్కడ నాలుగు ముక్కల్లో చెప్పాను, మీకెవరికీ ఆ దెబ్బ తగిలి ఉండదు.

ఇంకొక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఎండ చార కాలి వేలి దాకా రావడం, కొళాయి ఆగాక నిశ్శబ్దం వినపడటం. అలా చూడటం, వినడం మీకు ఎవరు నేర్పారు? మీరు మూసేసిన ఆ నెమ్మది నవలేనేమో ఒక్కసారి ఆలోచించండి.

పాత బుక్‌మార్క్:

అమెరికాలో నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ చెప్పిన లెక్క నేను పాటిస్తాను. యాభై పేజీలు చదువు, పట్టుకోకపోతే వదిలేయ్. వయసు యాభై దాటితే వందలోంచి నీ వయసు తీసెయ్, మిగిలినన్ని పేజీలు చాలు. అంటే డెబ్బై ఏళ్ల మనిషి ముప్ఫై పేజీలు చదివితే సరి. నాకు అరవై నాలుగు. నా వాటా 36 పేజీలు. మిగిలిన కాలం ఎంతో తెలియనప్పుడు ఇంతకన్నా న్యాయమైన లెక్క ఇంకోటి కనిపించలేదు.

నిద్ర వేళ:

మీరందరూ సెలవుల గురించి మాట్లాడుతున్నారు. నాకు దొరికేది మా బాబు మధ్యాహ్నం పడుకునే నలభై నిమిషాలు. వాడి తల నా ఎడమ చేతి మీద ఉంటుంది. చెయ్యి తిమ్మిరెక్కినా కదపను. కుడి చేత్తో పుస్తకం. పేజీ తిప్పే చప్పుడుకు లేస్తాడేమోనని, పేజీ సగంలో ఉండగానే దాని మూలను బొటనవేలితో ఎత్తి పట్టుకుంటాను. ఆఖరి వరుస చదవడం అయ్యేసరికి కాగితం దానంతట అదే అటు వాలుతుంది. రోజు మొత్తంలో నాది అనుకునే సుఖం అదొక్కటే. వాడి ఊపిరి నా మోచేతికి వెచ్చగా తగులుతూ ఉంటుంది, కథ నడుస్తూ ఉంటుంది.

ఆ నలభై నిమిషాలను ఎర్ర దారం గారు చెప్పే 160వ పేజీ కోసం ఇరవై రోజుల పాటు తాకట్టు పెట్టలేను. ఆ పేజీ వస్తుందో రాదో ఎవరూ చెప్పరు. మీకు వచ్చింది, సంతోషం. నాకు రెండు నవలల్లో రాలేదు. ఓపిక పట్టి చివరిదాకా వెళ్లాను, చివర కూడా ఏమీ లేదు. ఆ నెల నాకు ఎవరు తిరిగిస్తారు?

వదిలేయడం నాకు హక్కు కాదండీ, అవసరం.

రెండో ప్రూఫు:

పుస్తకాల ప్రూఫులు దిద్దే పని నాది. కాబట్టి నచ్చినా నచ్చకపోయినా ఆఖరి అక్షరం దాకా చదవాల్సిందే. ఆ అనుభవంతో రెండు మాటలు.

మనం ఎక్కడ ఆగుతున్నామన్నది ఇప్పుడు మన ఒక్కరి గుట్టు కాదు. అమెజాన్ వాళ్ల నెల చందా ఈ-పుస్తకాల పథకం కిండిల్ అన్‌లిమిటెడ్‌లో 2015 జూలై నుంచి రచయితకు డబ్బు ముట్టేది పాఠకుడు చదివిన పేజీల లెక్కనే. అంతకుముందు పుస్తకంలో పదో వంతు దాటితే చాలు, ఎవరికైనా ఒకటే లెక్క ఉండేది. కొత్త పద్ధతి న్యాయమే కావచ్చు. కానీ రాసేవాళ్ల చేతుల మీద దాని బరువు పడకుండా ఎలా ఉంటుంది? మొదటి పేజీలోనే శవం, మూడో పేజీలోనే రహస్యం, ప్రతి అధ్యాయం చివరా ఒక కుదుపు. నా బల్ల మీదికి వచ్చే రాతప్రతుల్లో ఈ తొందర స్పష్టంగా కనిపిస్తుంది. తొలి ముప్ఫై పేజీలు సానబట్టి, మిగతాది వదిలేసినవి కూడా చూస్తున్నాను.

ఓపికకు పాత ఉదాహరణ కూడా ఉంది. డికెన్స్ 'పిక్‌విక్ పేపర్స్' 1836లో నెలనెలా భాగాలుగా మొదలైంది. మొదటి భాగం 1,000 ప్రతులు వేస్తే అవి కూడా సరిగ్గా పోలేదు. నాలుగో భాగంలో సామ్ వెల్లర్ అనే పనివాడి పాత్ర వచ్చాక జనం ఎగబడ్డారు. చివరికి ఒక్కో భాగం 40,000 దాకా అమ్ముడుపోయింది. మూడో నెలలో ప్రచురణకర్తలు చేతులెత్తేసి ఉంటే మనకు సామ్ వెల్లరే లేడు.

వరండా కుర్చీ:

రెండో ప్రూఫు గారూ, పిక్‌విక్ సంగతి నాకు నచ్చింది. కానీ అది నా వైపే సాక్ష్యం చెబుతోంది కదా? మొదటి మూడు భాగాలు జనం కొనలేదు. పిక్‌విక్‌కు సామ్ వెల్లర్ అనే నచ్చే జోడీ దొరికాక కొన్నారు. ఆ పాఠకులు డికెన్స్ మీద జాలిపడి ఓపిక పట్టలేదు, బాగున్నప్పుడు వచ్చారు. బాగాలేనప్పుడు రాకపోవడం కూడా రచయితకు అందే ఉత్తరం లాంటిదే.

పేజీల లెక్క సంగతి మాత్రం నాకు బాధ కలిగించింది. నేను మూసేసిన ఐదింటిలో రెండు అలా ఫోన్‌లో చదివినవే. ఆ రచయితలకు నా విసుగు ఒక అంకెగా చేరి ఉంటుందని అనుకోలేదు.

ఎర్ర దారం గారూ, మీ ఆఖరి ప్రశ్నకు ఇంకా నా దగ్గర జవాబు లేదు.

సగం వెలుగు:

పూర్తిచేయనందుకు సిగ్గుపడేవాళ్ల కోసం ఒక సంగతి. 2014లో జోర్డన్ ఎల్లెన్‌బర్గ్ అనే గణిత ఆచార్యుడు ఒక చిన్న లెక్క వేశాడు. కిండిల్‌లో ఒక పుస్తకానికి పాఠకులు ఎక్కువగా గీతలు గీసిన వాక్యాలు ఏ పేజీల్లో ఉన్నాయో చూశాడు. చివరిదాకా చదివి ఉంటే గీతలు పుస్తకమంతా ఉండాలి. అందరూ కొని ఎవరూ పూర్తిచేయరని పేరుపడ్డ స్టీఫెన్ హాకింగ్ పుస్తకం పేరే ఆ లెక్కకు పెట్టాడు. హాకింగ్‌కు 6.6 శాతం వచ్చింది, అంటే గీతలు సగటున మొదటి పేజీల దగ్గరే ఆగిపోయాయి. డోనా టార్ట్ రాసిన 'ది గోల్డ్‌ఫించ్' అనే లావుపాటి నవలకు 98.5 శాతం వచ్చింది. ఇది శాస్త్రీయం కాదు, సరదాకే అని ఆయనే చెప్పాడు. అయినా నాకు ఒకటి అర్థమైంది. జనానికి ఓపిక లేకపోవడం కాదు. నచ్చితే ఎంత లావు నవలైనా చివరిదాకా వెళ్తారు.

ఎర్ర దారం:

నిద్ర వేళ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పేజీ మూల ఎత్తి పట్టుకునే ఆ బొటనవేలు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. మీ నలభై నిమిషాల మీద ఏ నవలకూ, ఏ రచయితకూ హక్కు లేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, మీ వరకు.

వరండా కుర్చీ గారి విషయంలో తీసుకోను. మీకు రెండు నెలల సెలవులు ఉన్నాయి. పదకొండు నవలలు ఎందుకు తెరిచారు? ఐదు తెరిచి ఉంటే ఆ మూడు తరాల కథకు ఇంకో వారం దొరికేది. వదిలేయడం కన్నా నాకు బెంగ ఆ పదకొండు అనే అంకె మీదే. తర్వాతి పుస్తకం బల్ల మీద ఎదురుచూస్తుంటే చేతిలో ఉన్నది ఎంత మంచిదైనా బరువుగానే ఉంటుంది.

ఒక్క పని చేయండి. 140వ పేజీ నుంచి పది పేజీలు బయటికి వినపడేలా చదవండి. అప్పటికీ ఆసక్తి రాకపోతే మీరు వదిలేయడం సరేనని నేనే ఒప్పుకుంటాను.

పాత బుక్‌మార్క్:

ఈ పదకొండు మాట నాకూ తగిలింది. సెలవుల్లో చదివినవాటి జాబితా రాసుకునే అలవాటు నాకుంది. అందులో ఏ నవలను ఎక్కడ కూర్చుని చదివానో గుర్తున్నవి మాత్రం చాలా తక్కువ.

వరండా కుర్చీ:

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను.

ఎర్ర దారం గారు చెప్పినట్టు చేశాను. పొద్దున్నే, ఇంట్లో ఇంకా ఎవరూ లేవకముందు, మెట్ల మీద కూర్చుని 140వ పేజీ నుంచి పైకి చదివాను. మొదటి రెండు పేజీలు నా గొంతు నాకే ఇబ్బందిగా ఉంది. మూడో పేజీలో ఒక సంగతి పట్టుబడింది. ఆ వాక్యాలు పొడుగ్గా ఉండటానికి కారణం ఉంది. నాయనమ్మ మాట్లాడేటప్పుడు మాత్రమే అలా సాగుతున్నాయి, ఆవిడ ఊపిరి తీసుకునే చోటే కామా పడుతోంది. మనవరాలి వంతు వచ్చేసరికి వాక్యం చిన్నదైపోతోంది. కళ్లతో పరిగెత్తుతూ చదివినప్పుడు అదంతా ఒకటే సాగతీతలా అనిపించింది. నేను నాలుగుసార్లు చదివిన వాక్యం కూడా నాయనమ్మదే.

ఆ పూట 171వ పేజీ దాకా వెళ్లాను. ఇప్పుడు రోజూ పొద్దున పది పదిహేను పేజీలు, అంతే. మధ్యాహ్నాలు ఖాళీగా ఉంచుకుంటున్నాను, ఏ పుస్తకమూ లేకుండా.

మిగతా నాలుగూ మళ్లీ తెరిచి చూశాను. ఒక్కోదానికి పది పేజీలు, పైకి చదివే చూశాను. రాలేదు. వాటిలో అచ్చు పుస్తకాలు రెండు. ఎవరికైనా కావాలంటే ఇచ్చేస్తాను. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోవడం లేదు. అక్కకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ నాయనమ్మ పుస్తకం నీదయ్యాక నాకు పంపు" అంది.

నిద్ర వేళ:

అక్కగారి తర్వాత నాకు. పైకి చదివితే బాగుంటుందన్నారు కదా, బాబుకు జోలపాట బదులు అదే చదువుతాను.