హోల్స్ట్ గురించి కూతురు ఇమోజెన్ రాసినవి: ఏది ముందు చదవాలి, సభలో ఏం వినిపించాలి?

ప్రశ్న (తంబురాతీగ)

వచ్చే నెల మా గ్రంథాలయంలో గంటన్నర కార్యక్రమం ఉంది. ఇంగ్లండు స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ (1874–1934), ఆయన జ్ఞాపకాన్ని, రాతప్రతుల్ని, సంగీతాన్ని కాపాడిన కూతురు ఇమోజెన్ హోల్స్ట్ (1907–1984), వీళ్లిద్దరి గురించి. వచ్చేవాళ్లు 40 మంది దాకా. కచేరీలు వినే చెవులే గానీ పాశ్చాత్య సంగీతం దాదాపు కొత్త.

నాలుగు సందేహాలు. ఇమోజెన్ తండ్రి మీద రాసిన పుస్తకాల్లో ఏది ముందు చదవాలి? కూతురు రాసింది కదా, ఎంతవరకు నమ్మొచ్చు? హోల్స్ట్ సంస్కృతం నేర్చుకుని రుగ్వేద సూక్తాలకూ సావిత్రి కథకూ సంగీతం కట్టాడంటారు, వాటిలో ఏవి ఎంతసేపు వినిపిస్తే జనం విసుగు లేకుండా వింటారు? పుస్తకంలోంచి ఓ పది పేజీలు తెలుగు చేసి అందరికీ పంచితే హక్కుల పేచీ వస్తుందా?

జవాబు 1 (పాతపుటలు)

ముందు 1938 నాటి జీవితచరిత్ర చదవండి, ఆ తర్వాత 1951లో వచ్చిన సంగీత విమర్శ. ఈ వరుస తిరగేస్తే రెండో పుస్తకం కటువుగా తోస్తుంది, ఎందుకు కటువో అర్థం కాదు.

మొదటిది ఆయన పోయిన నాలుగేళ్లకు వచ్చింది. అప్పటికి ఇమోజెన్‌కు 31 ఏళ్లు. మనిషి తెలిసేది అందులోనే. కుడిచేతి నరాల జబ్బు వల్ల పియానో వదిలేసి ట్రాంబోన్ (ఊదే ఇత్తడి వాయిద్యం) పట్టడం, ఆర్కెస్ట్రాల్లో ట్రాంబోన్ వాయించి బతుకు వెళ్లదీయడం, 1905 నుంచి చనిపోయేదాకా లండన్ హామర్‌స్మిత్‌లోని సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో పాఠాలు, 1907 నుంచి 1924 దాకా మోర్లీ కాలేజీలో పగలంతా వేరే పనులు చేసుకునేవాళ్లకు సంగీతం నేర్పడం. చేతి నొప్పి ఎక్కువై, గ్రహాల పేర్లతో ఆర్కెస్ట్రా కోసం కట్టిన 'ప్లానెట్స్' పెద్ద స్కోరు (అన్ని వాయిద్యాల స్వరలిపి) తనే రాయలేకపోతే వాలీ లాస్కర్, నోరా డే, జేన్ జోసెఫ్ ఆయన చెబుతుంటే రాసిపెట్టారు. 'ప్లానెట్స్' చరిత్రలో ఈ ముగ్గురి పేర్లు తరచూ జారిపోతాయి. మీ ప్రసంగంలో తప్పక చెప్పండి.

ఇమోజెన్ కూడా పియానో విద్వాంసురాలు కావాలనుకుంది. ఎడమచేతి రక్తనాళాల వాపు ఆ దారి మూసేసింది. తండ్రికి కుడిచెయ్యి, కూతురికి ఎడమచెయ్యి. ఇది తెలిసి చదివితే చేతినొప్పి ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఆగిపోతాం.

1951 పుస్తకం వేరే తీరు. అక్కడ నాన్న లేడు, స్వరకర్త ఉన్నాడు. జర్మన్ స్వరకర్త వాగ్నర్ ప్రభావంలో రాసిన తొలినాటి రచనల్ని మొహమాటం లేకుండా పక్కన పెట్టింది. మేఘదూతం ఆధారంగా ఆయన రెండేళ్లకు పైగా కష్టపడి రాసిన 'ది క్లౌడ్ మెసెంజర్' 1913లో లండన్ క్వీన్స్ హాల్లో విఫలమైంది. దాన్నీ వెనకేసుకు రాలేదు. అందుకే "కూతురు కదా, పొగిడి ఉంటుంది" అనే అనుమానం ఇక్కడ పూర్తిగా తప్పు. నిజానికి జాగ్రత్త పడాల్సింది ఎదురు దిక్కున: ఆమె తీసిపారేసిన రచనల్ని మనం వినకుండానే తీసిపారేసే ప్రమాదం ఉంది. ఆమె కూడా తన తీర్పులే చివరిమాట అనుకోలేదు. హోల్స్ట్ సంగీతాన్ని మళ్లీ తూకం వేస్తూ ఓ కొత్త భాగం రాసింది, అది ఆమె పోయాక 1986లో మూడో ముద్రణలో చేరింది. కొనేటప్పుడు ఆ ముద్రణే చూసి కొనండి. పాత ముద్రణ చదివి "కూతురే నచ్చలేదంది" అని చెప్పడం తరచూ జరిగే పొరపాటు.

ఇంకో రెండు పనులు చెప్పకపోతే ఆమె గురించి చెప్పినట్టే కాదు. 1952 నుంచి 1964 దాకా ఇంగ్లండు తీరంలోని ఆల్డ్‌బరోలో స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్‌కు సంగీత సహాయకురాలిగా ఉండి, ఆ పని వదిలి తండ్రి రచనల మీద కూర్చుంది. 1974లో శతజయంతికి మొత్తం రచనల జాబితా అచ్చయింది. ఒక్కో రచనకు ఒక సంఖ్య, మొదటి స్వరాలు, రాతప్రతి ఎక్కడుందో, మొదట ఎప్పుడు వాయించారో, అన్నీ అందులో ఉంటాయి. రికార్డుల అట్టల మీద 'హెచ్ 125' అని కనిపించేది ఆ సంఖ్యే, అది 'ప్లానెట్స్'. 'సావిత్రి' హెచ్ 96. తర్వాత స్వరకర్త కాలిన్ మాథ్యూస్‌తో కలిసి రాతప్రతుల నకళ్లను నాలుగు సంపుటాలుగా తెచ్చింది.

సభలో తేదీ గానీ వరుస గానీ చెప్పాలంటే జీవితచరిత్ర మీద ఆధారపడకుండా ఆ జాబితా చూసి చెప్పండి. 36 ఏళ్ల తేడా ఉంది రెంటికీ.

జవాబు 2 (కోరస్‌గొంతు)

గంటన్నరలో సంగీతం 35 నిమిషాలు దాటనివ్వకండి. కొత్త చెవి వరుసగా ఏడెనిమిది నిమిషాలకు మించి నిలవదు.

'ప్లానెట్స్'లోని 'మార్స్' మొదటి 3 నిమిషాలతో మొదలెట్టండి. 5 లెక్క. మన ఖండచాపు 2+3గా నడుస్తుంది, ఇది 3+2. ఒకటో దెబ్బను మూడు ముక్కలు చేశాడు, రెండూ మూడూ ఒక్కొక్కటి, నాలుగు రెండు ముక్కలు, ఐదు ఒకటి: త-కి-ట, తా, తా, త-క, తా. పెట్టేముందు జనంతో నాలుగుసార్లు చేత్తో వేయించండి. అలవాటుగా 2+3 వేసే చెయ్యి మూడో దెబ్బ దగ్గర తడబడుతుంది. ఆ తడబాటు తెలిస్తే చాలు, వాయిద్యం మొదలవగానే పట్టుకుంటారు.

తర్వాత స్కూలు పిల్లల కోసం 1913లో రాసిన 'సెయింట్ పాల్స్ సూట్' చివరి భాగం, 3 నిమిషాలు. ఒక జానపద నాట్యం వరుస తిరుగుతుండగా దానిమీదికి 'గ్రీన్‌స్లీవ్స్' పాట వచ్చి చేరుతుంది. రెండు వరుసలు ఒకేసారి నడవడం వినడానికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ దొరకదు.

ఇక రుగ్వేద బృందగీతాలు, ఓపస్ (రచన సంఖ్య) 26, నాలుగు గుచ్ఛాలు. మీరు మూడోది తీసుకోండి. ఆడగొంతులు, హార్ప్ (వేళ్లతో మీటే పెద్ద తీగల వాయిద్యం), అంతే. ఉషస్సు, జలాలు, వేనుడు, బాటసారులు, నాలుగూ కలిపి పావుగంటలోపే. 'జలాలు' మొత్తం వినిపించండి, చిన్నది. తీరిక ఉంటే 'బాటసారులు'. మొదటి గుచ్ఛానికి మిశ్రమ బృందం, ఆర్కెస్ట్రా కావాలి. అందులోని 'అజ్ఞాత దైవానికి' మన హిరణ్యగర్భ సూక్తమే (10.121). గొప్పదే కానీ చిన్న స్పీకర్లో ముద్దగా వినిపిస్తుంది.

'సావిత్రి' అరగంట ఆట. మొత్తం పెట్టొద్దు. మొదటి 6–7 నిమిషాలు, చివరి 4 నిమిషాలు. పాత్రలు ముగ్గురే: సావిత్రి, సత్యవంతుడు, మృత్యువు. కనిపించకుండా పాడే ఆడవాళ్ల బృందం, 12 వాయిద్యాలు: రెండు స్ట్రింగ్ క్వార్టెట్లు (ఒక్కోదానిలో నాలుగు తీగ వాయిద్యాలు), ఒక డబుల్ బాస్, రెండు ఫ్లూట్లు, ఒక కార్ ఆంగ్లే (ఊదే వాయిద్యం). మొదట తెరవెనక నుంచి మృత్యువు గొంతు ఒక్కటే, కింద వాయిద్యం లేదు. తర్వాత సావిత్రి గొంతు వచ్చి కలుస్తుంది, అదీ వేరే శ్రుతిలో. శ్రుతిపెట్టె అలవాటున్న చెవికి ఇది అపశ్రుతిలా తగులుతుంది, హాల్లో ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ముందే చెప్పేయండి: ఇద్దరూ రెండు లోకాల్లో ఉన్నారు కాబట్టి శ్రుతులూ రెండు. ఆ ఒక్క మాట చెబితే ఇబ్బంది పోయి ఒళ్లు జలదరిస్తుంది.

రికార్డు వెతకాల్సిన పని లేదు. ఇమోజెన్ నిర్దేశకత్వంలో 1960ల నడుమ ఆర్గో సంస్థ తెచ్చినది తీసుకోండి. సావిత్రి జానెట్ బేకర్, సత్యవంతుడు రాబర్ట్ టియర్, మృత్యువు థామస్ హెమ్స్లీ. మూడో గుచ్ఛం గీతాలు కూడా అందులోనే, హార్ప్ ఓసియన్ ఎలిస్. తండ్రి సంగీతాన్ని కూతురు ఎలా వినేదో పుస్తకం కన్నా ఇదే బాగా చెబుతుంది: ఎక్కడా సాగదీయదు, ఎక్కడా కన్నీళ్లు పిండదు.

తంబురాతీగ:

ఎంతో మేలు చేశారండీ. సూక్తాలు పెట్టేముందు అసలు సంస్కృత పాఠం చదివిద్దామనుకుంటున్నాను, వేదం చెప్పుకున్న పెద్దాయన ఒకరు వస్తానన్నారు. పాటలో ఆ మంత్రాలు గుర్తుపట్టగలరా? ఇంకో సంగతి, హాల్లో ఆరు సీలింగ్ ఫ్యాన్లు, ఒకటే బ్లూటూత్ స్పీకరు.

జవాబు 3 (పదపాఠం)

గుర్తుపట్టలేరు. ఇది ముందే చెప్పకపోతే సభ అక్కడే దెబ్బతింటుంది. పాడేది ఇంగ్లిషు. ఉదాత్త అనుదాత్తాలు లేవు, రాగమూ లేదు. హోల్స్ట్ ఇండియాకు రాలేదు. అప్పట్లో దొరికిన ఇంగ్లిషు అనువాదాలు పాడటానికి పనికిరాకుండా ఉన్నాయనిపించి, లండన్‌లో మేబెల్ బోడ్ దగ్గర లిపి, వ్యాకరణం నేర్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని మాట మాటా కూర్చుకుని సొంతంగా ఇంగ్లిషు చేసుకున్నాడు. పండితుడు కాదు, అవసరానికి నేర్చుకున్నవాడు. ఆయనకు వేదం అందించింది మాటల్ని, వాటిలోని భావాన్ని, ఆ క్లుప్తతని. స్వరాన్ని కాదు.

పెద్దాయన చేత చదివించడం మంచి ఆలోచనే, కాకపోతే పాటకు ఆనుకుని కాకుండా ముందు చదివించి, తెలుగులో భావం చెప్పి, అర నిమిషం ఆగి పాట పెట్టండి. 'జలాలు'కు 7.49 చదివిస్తే సరిపోతుంది, నాలుగే మంత్రాలు. ఒంటి గొంతు, పియానో కోసం రాసిన 'వేదిక్ హిమ్స్' (ఓపస్ 24) తొమ్మిదింట్లో నాసదీయం (10.129), వాక్సూక్తం (10.125), మండూక సూక్తం (7.103) కూడా ఉన్నాయి. కప్పల సూక్తానికి ఒక ఇంగ్లిషు మాస్టారు పాట కట్టాడంటే వేదం చదివినవాళ్లకు ముచ్చటేస్తుంది.

సావిత్రి విషయంలోనూ ఒక హెచ్చరిక. అరణ్యపర్వం తెలిసిన శ్రోత వరాల వరుస కోసం ఎదురుచూస్తాడు: మామగారి చూపు, రాజ్యం, తండ్రికి నూరుగురు కొడుకులు. ఇందులో అవేవీ లేవు. నారదుడు లేడు, ఏడాది గడువు లేదు. సత్యవంతుడు కట్టెలు కొట్టేవాడు, సాయంత్రం ఇంటికొస్తుంటాడు. వరం ఒక్కటే. అదీ సత్యవంతుడి కోసం కాదు, నీ కోసమే అడుగు అంటాడు మృత్యువు. నిండైన బతుకు కావాలంటుంది సావిత్రి. ఇచ్చాక, అతను లేకుండా ఆ బతుకు నిండదు కదా అంటుంది. మన కథలో నూరుగురు కొడుకుల వరంతో యముడు చిక్కుకున్నట్టే ఇక్కడా చిక్కుకుంటాడు, కాని మూడు పాత్రలతో అరగంటలో ముగించాలి కాబట్టి మెలిక ఒక్కటే ఉంచాడు. "కథ మార్చేశాడు" అని ఎవరన్నా లేస్తే ఈ మాట చెప్పండి.

అన్నట్టు, ఇండియాకు వచ్చింది కూతురు. 1950–51 చలికాలంలో రెండు నెలల దాకా శాంతినికేతన్‌లో ఉండి మన సంగీతం నేర్చుకుంది. తండ్రి పుస్తకాల్లో వెతుక్కున్నదాన్ని ఆమె చెవితో వినగలిగింది. ప్రసంగంలో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టండి.

జవాబు 4 (ప్రతులసంచి)

హక్కుల సంగతి విడివిడిగా చూడాలి.

హోల్స్ట్ సంగీతం: మన చట్టంలో స్వరకర్త పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1934లో పోయాడు కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన వాటికి 1994 చివరితో హక్కు తీరింది. సూక్తాల పాత స్కోర్లు ఐఎంఎస్‌ఎల్‌పీ అనే నెట్ భాండారంలో దొరుకుతాయి, చూపించుకోవచ్చు.

ఇమోజెన్ రాతలు: ఆమె 1984 మార్చిలో పోయింది. ఇక్కడ 2044 చివరిదాకా, ఇంగ్లండులో 70 ఏళ్ల లెక్కన 2054 చివరిదాకా హక్కులు ఉంటాయి. పది పేజీలు తెలుగు చేసి కాగితాలు పంచడమంటే అనువాదమూ ప్రచురణా రెండూ చేసినట్టు. ప్రచురణకర్త నుంచి రాతపూర్వక అనుమతి కావాలి, నెలలోపు రావడం కష్టం. అందుకని పంచకండి, చదవండి. అచ్చయిన పుస్తకంలోంచి సమంజసమైన మేరకు సభలో బయటికి చదవడాన్ని మన చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. రెండు మూడు పేరాలు, పుస్తకం పేరు, రచయిత్రి పేరు చెప్పి చదివితే చాలు. కాగితం మీద మీ సొంత మాటల్లో సారాంశం ఇవ్వండి.

రికార్డులు: లాభాపేక్ష లేని సంఘం తన కార్యక్రమంలో భాగంగా వినిపించడానికి కూడా అదే సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. టికెట్ పెట్టకండి. వీడియో తీసి నెట్‌లో పెట్టినప్పుడు మాత్రం పాట ఉన్న ముక్కలు కోసేయండి, అది వేరే లెక్క.

జవాబు 5 (కోరస్‌గొంతు)

ఫ్యాన్లన్నారు కదా, చివరి అంశం దానిమీదే ఆధారపడి ఉంది. 'ప్లానెట్స్' ఆఖరి భాగం 'నెప్ట్యూన్' చివరి 3 నిమిషాలతో ముగించండి. స్కోరులో హోల్స్ట్ ఆజ్ఞ ఇది: ఆడగొంతుల రెండు బృందాలు పక్కగదిలో ఉండాలి, మధ్య తలుపు తెరిచి ఉంచాలి, చివరి పాదం దగ్గర నెమ్మదిగా, చప్పుడు కాకుండా మూయాలి, ఆ పాదాన్ని శబ్దం దూరంలో కలిసిపోయేదాకా మళ్లీ మళ్లీ పాడుతుండాలి. కచేరీల్లో ఇది చెడేది రెండు చోట్ల: తలుపు గడియ టక్కుమనడం, నిర్దేశకుడు కనిపించక బృందం శ్రుతి దిగిపోవడం. అందుకే లోపల ఇంకొకరు నిలబడి చెయ్యి చూపిస్తారు.

1918 సెప్టెంబరు 29న క్వీన్స్ హాల్లో మొదటిసారి ఇది మోగినప్పుడు నిర్దేశకుడు ఏడ్రియన్ బోల్ట్, ఆ గొంతులు హోల్స్ట్ శిష్యురాళ్లవి. ఇమోజెన్‌కు 11 ఏళ్లు. జీవితచరిత్రలో ఈ ముగింపు దగ్గర ఆమె రాసిన వాక్యం వెతికి పట్టుకోండి, శబ్దానికీ నిశ్శబ్దానికీ తేడా తెలియకుండా పోయిన ఆ క్షణం గురించి. బయటికి చదవాల్సిన రెండు పేరాల్లో ఒకటి అదే.

సెల్‌ఫోను స్పీకర్లోనూ, ఫ్యాన్ హోరులోనూ ఆఖరి 40 సెకన్లు అస్సలు వినపడవు, పాట మధ్యలో ఆగిపోయిందనుకుని చప్పట్లు కొట్టేస్తారు. ఆ మూడు నిమిషాలు ఫ్యాన్లు ఆపించండి. స్పీకరును మూల గోడకు రెండడుగుల దూరంలో, చెవి ఎత్తున పెట్టండి. బ్లూటూత్ వద్దు, తీగతో కలపండి: చాలా స్పీకర్లు శబ్దం బాగా తగ్గగానే పాట అయిపోయిందనుకుని నిద్రలోకి పోతాయి. వాల్యూమ్ సరిచూసేటప్పుడు మొదటి స్వరాలతో కాకుండా చివరి నిమిషంతో చూడండి. వెనక వరుస కుర్చీలో కూర్చుని గొంతులు వినపడుతున్నాయంటే అక్కడ గుర్తు పెట్టుకుని ఇక ముట్టుకోవద్దు.