కాలనీకి ఎగువన పదెకరాల వెంచర్: అభ్యంతరం దేని మీద పెట్టాలె?

పాలమూరు_కాలనీ:
మహబూబ్‌నగర్ శివారు, అప్రూవ్డ్ లేఅవుట్, 140 ఇండ్లు. ఎగువన పదెకరాల చెల్కలో కడీలు పాతిన్రు. సగం ప్లాట్లు, సగం ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు అంటున్నరు. దారి మా 30 అడుగుల రోడ్డు మీదుగనే. చెల్క పై కొసకు కుంట ఉంది. దాని అలుగు నీళ్లు, చెల్క నీళ్లు రెండూ మా మోరీలకే వస్తయి. పబ్లిక్ హియరింగ్ ఉంటదా? రోడ్డుకు గేటు పెట్టొచ్చా?

పాత_పహాణీ:
హియరింగ్ ఉండదు. పట్టా భూమిల కట్టొద్దంటే ఎవరూ వినరు, ఆ మాట దరఖాస్తులో రాయకున్రి. సర్వే నంబరు వేసి లేఅవుట్ దరఖాస్తు, ప్లాను, నీటిపారుదల శాఖ ఎన్‌ఓసీ (తమకు అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం) నకళ్లు ఆర్‌టీఐ కింద అడగున్రి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. టీజీ-బీపాస్ (కట్టడాలు, లేఅవుట్ల అనుమతుల చట్టం) కింద అనుమతికి గడువు 21 రోజులే కాబట్టి జవాబు కోసం ఆగొద్దు. అభ్యంతర పత్రం అదే రోజు మున్సిపల్ కమిషనర్ ఆఫీసు ఇన్‌వార్డులో (కాగితాలు తీసుకునే చోట) ఇచ్చి ముద్ర వేయించుకోన్రి. ఒక నకలు సోమవారం ప్రజావాణిలో.

అసలు పట్టు కుంట దగ్గర ఉంది. పాత భూమి రికార్డులైన సేత్వార్‌ల, 1954-55 ఖాస్రా పహాణీల ఆ సర్వే నంబరుకు ఎక్కడన్న ‘శిఖం’ (చెరువు, కుంట మునక భూమి) అని ఉందా చూడున్రి. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లకు తక్కువున్న కుంటకు ఎఫ్‌టీఎల్ (కుంట నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 9 మీటర్లు, అంతకు పెద్దదైతే 30 మీటర్లు వదలాలె. అలుగు వాగు వెడల్పు 10 మీటర్ల లోపైతే 2 మీటర్లు. వెంచరోళ్లు ఎండాకాలం నీటి అంచు నుంచి టేపు పట్టి చూపిస్తరు, అది లెక్కకు రాదు. అలుగు రాయి మీద స్టాఫ్ (కొలత గీతలున్న సర్వే కర్ర) నిలబెట్టి ఆటో లెవెల్‌తో (మట్టం చూసే సర్వే దుర్భిణితో) అదే మట్టం చెల్కలోకి తీసుకపోతే ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడ పడుతదో తెలుస్తది.

మోరీల_లెక్క:
నా దృష్టిల కుంట కన్నా మోరీ పెద్ద సమస్య. గంటకు 50 మి.మీ. వాన కొడితే పదెకరాల మీద సెకనుకు దాదాపు 560 లీటర్లు పడతయి. చెల్కలో 30 శాతం పారితే 170 లీటర్లు. సీసీ రోడ్లు, ఇండ్లు వచ్చినంక 70 శాతం పారుతది, అంటే 390. మీ కల్వర్టు కింద 450 మి.మీ. హ్యూమ్ పైపు (సిమెంటు గొట్టం) ఉంటే, 200కు 1 వాలుతో, శుభ్రంగ ఉన్నప్పుడు తీసేది 200 లీటర్లే. 600 మి.మీ. పైపైతే 430 దాకా తీస్తది. అలుగు నీళ్లు దీనికి అదనం! పైగా మొరం పోసి వెంచర్‌ను మూడడుగులు లేపితే నీళ్లు మీ కాంపౌండ్ గోడల మీదికే. వాళ్ల మోరీ కొస ఎక్కడ కలుస్తదో, ఏ మట్టంలనో చూపే డ్రాయింగ్ అడగున్రి.

నలభై_అడుగులు:
గేటు కుదరదు. అప్రూవ్డ్ లేఅవుట్ రోడ్లు గిఫ్ట్ డీడ్‌తో మున్సిపాలిటీకి పోయినయి, మీవి కావు. అయితే 4,000 చదరపు మీటర్లు దాటిన సైటుల గ్రూపు హౌసింగ్‌కు 12 మీటర్ల రోడ్డు కావాలె. మీ 30 అడుగులంటే 9 మీటర్లే. సైటును ముక్కలు చేసి వేరువేరు దరఖాస్తులు పెడుతున్నరేమో చూడున్రి, ఈ నిబంధన తప్పించుకునే తోవ అదే. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండ బుకింగులు తీసుకుంటే ఆ బ్రోచరు దాచుకోన్రి.

తాత్కాలిక అనుమతి వచ్చినా పని అయిపోలేదు. పనులు పూర్తి చేస్తరన్న హామీకి 15 శాతం ప్లాట్లు మున్సిపాలిటీ దగ్గర తనఖాల ఉంటయి, మోరీలు పూర్తి కాకుండ విడిపించొద్దని అప్పుడే రాసియ్యున్రి.

పాలమూరు_కాలనీ:
అలుగు రాళ్లు నడుమల కొట్టేసి ఉన్నయి. ఏ మట్టం పట్టుకోవాలె?

పాత_పహాణీ:
రెండు కొసలకు రెక్క గోడల పక్కన పాత రాయి మిగిలే ఉంటది, స్టాఫ్ అక్కడ పెట్టున్రి. దాన్ని నీటిపారుదల డివిజన్ ఆఫీసుల ఉన్న కుంట మెమోయిర్‌తో (కుంట కొలతల రికార్డుతో) పోల్చున్రి. కొట్టేసిన చోటు ఫొటోలు తీసి అదే పత్రానికి జత చేయున్రి. అలుగు తగ్గిస్తే ఎఫ్‌టీఎల్ గీత కూడ కిందికి జరిగినట్టు చూపిస్తరు.