కొటేషన్ లోపల చుక్కా, బయట చుక్కా? బిడ్డ పేపర్ మీద ఎర్ర సున్నా

పానగల్లు నాన్న | శనివారం రాత్రి 8:10
మా బిడ్డ తొమ్మిదో తరగతి. పోయిన ఏడాది దాకా సర్కారు బడిలో చదివింది. ఈ జూన్‌లో నల్లగొండ టౌన్‌లో ఒక ప్రైవేటు బడికి మార్చాం. నిన్న ఇంగ్లిష్ యూనిట్ టెస్టు పేపర్ ఇచ్చారు. 25కి 22 వచ్చాయి. ఒక వాక్యం చివర కొటేషన్ మూసేశాక ఫుల్‌స్టాప్ పెట్టిందని సార్ ఆ చుక్క చుట్టూ ఎర్ర సున్నా చుట్టి అర మార్కు తీసేశారు. క్వశ్చన్ మార్కు దగ్గర ఇంకో అర పోయింది. పాత బడిలో మేడం చుక్క బయట పెట్టమని నేర్పారట. ఇక్కడి సార్ ఎప్పుడైనా లోపలే అంటున్నారట. బిడ్డ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. "మేడం తప్పు చెప్పిందా నాన్నా?" అని అడుగుతోంది. నాది తెలుగు మీడియం చదువు, ఏం చెప్పాలో తోచలేదు. తెలిసినవాళ్లు చెప్పండి. చుక్క లోపలా, బయటా?

పాలమూరు ఇంగ్లిష్ సార్ | 8:32
లోపల. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు. నేను మహబూబ్‌నగర్‌లో 26 ఏళ్లుగా ఇంగ్లిష్ చెబుతున్నాను. షీ సెడ్, "ఐ యామ్ టైర్డ్." ఇక్కడ ఆమె మాట ముగిసింది, చుక్క పెట్టాం, ఆ తరువాత కొటేషన్ మూశాం. ఇంట్లోవాళ్లంతా లోపలికి వచ్చాకే తలుపు వేస్తాం కదా అని పిల్లలకు చెబుతాను. ఒక్కసారి చెబితే మరిచిపోరు. మీ పాత బడి మేడం పొరపాటు చెప్పి ఉంటుంది.

జడ్చర్ల జంక్షన్ | 8:40
లోపలే. మాకూ అట్లనే చెప్పారు.

ప్రెస్ గల్లీ | 9:05
ఇంగ్లిష్ సార్ ఇచ్చిన వాక్యంలో చుక్క లోపలే ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ కొటేషన్‌లో ఎప్పుడూ పూర్తి వాక్యమే ఉండదు. నేను నల్లగొండ ప్రకాశం బజార్ దగ్గర డీటీపీ, ప్రూఫ్ రీడింగ్ చేస్తాను, 17 ఏళ్లయింది. ఈ వాక్యం చూడండి: హీ కాల్డ్ ఇట్ "ఎ మిస్టేక్". కొటేషన్‌లో ఉన్నవి రెండే మాటలు. చుక్క ఆ రెండు మాటలది కాదు, మొత్తం వాక్యానిది. బ్రిటన్ పద్ధతిలో ఇది బయటే ఉంటుంది. అమెరికా పద్ధతిలో చుక్క, కామా ఎప్పుడూ లోపలే, అర్థంతో పని లేదు. సెమికోలన్, కోలన్ రెండు దేశాల్లోనూ బయటే. క్వశ్చన్ మార్కు, ఆశ్చర్యార్థకం రెండు చోట్లా అర్థాన్ని బట్టే.
ఇది ఇవాళ్టి గొడవ కాదు. ఇంగ్లండ్‌లో ఇంగ్లిష్ వాడుక మీద పుస్తకం రాసిన ఫౌలర్ అన్నదమ్ములు 1906లోనే అర్థాన్ని చూసి పెట్టాలని రాశారు. అదే 1906లో మొదటిసారి అచ్చయిన, అమెరికాలోని షికాగో యూనివర్సిటీ ప్రెస్ వాళ్ల నియమావళి ఇప్పటికీ చుక్కను లోపలే పెట్టమంటుంది. కాబట్టి ఆ మేడం తప్పు చెప్పలేదు.

పాలమూరు ఇంగ్లిష్ సార్ | 9:21
డైరెక్ట్ స్పీచ్‌లో, అంటే ఒకరి మాటను ఉన్నది ఉన్నట్టు రాసేటప్పుడు, చుక్క లోపల. మీరే ఒప్పుకున్నారు. ఇంకేం కావాలి?

ప్రెస్ గల్లీ | 9:26
నేను మాట్లాడుతున్నది డైరెక్ట్ స్పీచ్ గురించి కాదు సార్.

పాలమూరు ఇంగ్లిష్ సార్ | 9:34
పదో తరగతి దాకా పిల్లలకు ఇన్వర్టెడ్ కామాలు, అంటే ఈ కొటేషన్ గుర్తులు, వచ్చేదే డైరెక్ట్ స్పీచ్‌లో. అమెరికా, బ్రిటన్ అని వాళ్లకెందుకు? మా సార్ నాకు లోపల పెట్టమని నేర్పారు. అది అమెరికాదని ఆయనా అనలేదు, నేనూ ఎప్పుడూ అనుకోలేదు.

గద్వాల కోడర్ | 9:41
నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తాను. మా దగ్గర చుక్క తప్పు చోట పడితే పని ఆగిపోతుంది. మా చిన్నాయన ఒకసారి ఒక స్కీమ్ కోసం మెసేజ్ పంపాలి. వాళ్లిచ్చిన కాగితం మీద "ఎస్." అని టైప్ చేయండి అని, చుక్క కొటేషన్ లోపల పెట్టి రాశారు. ఆయన చుక్కతో సహా పంపాడు. తప్పు అని తిరిగొచ్చింది. మూడుసార్లు పంపాడు, మూడుసార్లూ అంతే. ఊళ్లో ఎవరిని అడిగినా అర్థం కాలేదు. నేను దసరాకు ఇంటికెళ్లి చుక్క తీసేసి పంపితే పోయింది, కానీ అప్పటికి గడువు దాటింది. వికీపీడియా ఇంగ్లిష్‌లో కూడా అర్థాన్ని బట్టే పెట్టాలన్నది నియమం. కోట్ చేసిన దాంట్లో లేని చుక్కను అందులోకి తోయడం నాకు అబద్ధం చెప్పినట్టే ఉంటుంది.

మిర్యాలగూడ మిల్లు | 9:44
అర మార్కుకు ఇంత దూరమా? ఫైనల్‌లో చూసుకోవచ్చు.

దేవరకొండ టీచర్ | 10:02
నేను సర్కారు బడిలో చెబుతాను. మన పిల్లలు ఇక్కడే ఎందుకు తడబడతారో చెప్పనివ్వండి. తెలుగులో ఈ సమస్య రానే రాదు. "నేను రాను" అని రవి అన్నాడు. చుక్క ఎక్కడుంది? అన్నాడు తరువాత. కొటేషన్ మూశాక "అని" వచ్చేస్తుంది, వాక్యం ఇంకా నడుస్తుంటుంది. చుక్కా, కొటేషనూ పక్కపక్కన నిలబడే సందర్భమే తక్కువ. అసలు కొటేషన్ గుర్తులు తీసేసినా మన వాక్యం నిలబడుతుంది, ఎవరి మాటో "అని" చెప్పేస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ పని చేసే మాట లేదు, ఆ రెండు గుర్తులే చేయాలి.
2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైనప్పుడు ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు ఇచ్చారు. మా ఆరో తరగతి పిల్లాడొకడు రెండు పేజీల మీదా వేలు పెట్టి అడిగాడు: "టీచర్, ఈడ చుక్క బయట ఉంది, ఆడ లోపల ఉంది, ఎందుకు?" ఆ రోజు పాఠం అంతా దాని మీదే నడిచింది.

అచ్చంపేట బీఎడ్ | 10:09
సీసం అక్షరాల కాలంలో చుక్క ముక్క సన్నగా ఉండి విరిగిపోయేదట. కాపాడటానికి కొటేషన్ లోపల పెట్టడం మొదలుపెట్టారని చదివాను. నిజమేనా ప్రెస్ అన్నా?

ప్రెస్ గల్లీ | 10:20
ఆ కథ చాలామంది చెబుతారు తమ్మీ. నేను దాన్ని రుజువుగా చెప్పను. కంటికి కనిపించేది చెబుతాను. కొటేషన్ పైన వేలాడుతుంది, చుక్క కింద కూర్చుంటుంది. చుక్క బయట పెడితే కొటేషన్ కింద కాస్త ఖాళీ మిగిలి, చుక్క వరుస తప్పి అవతల నిలబడినట్టు ఉంటుంది. ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాల్లో చూడు, తెలుస్తుంది. లోపల పెడితే ఆ ఖాళీ పోతుంది. అందానికి లోపల, అర్థానికి బయట. కంప్యూటర్‌లో పాత ఎంఎస్ వర్డ్‌లో దీనికి సెట్టింగే ఉండేది: లోపల పెట్టాలా, బయట పెట్టాలా, అసలు చూడొద్దా. ఒక్కటే సరైనదైతే మూడు ఎందుకు ఇస్తారు?

పాలమూరు ఇంగ్లిష్ సార్ | 10:31
సెట్టింగులు చూసి గ్రామర్ నేర్చుకునే రోజులొచ్చాయి. అచ్చు వేసేవాళ్లు ఏదైనా వేస్తారు, పేపర్ దిద్దేది మేము. నా చేతిలో జవాబుల కీ ఉంటుంది. కీలో లోపల ఉంటే లోపల.

ప్రెస్ గల్లీ | 10:48
అచ్చు వేసేవాళ్లు ఏదైనా వేస్తారు అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆరేళ్ల కింద ఒక బడి వాళ్లు క్వశ్చన్ పేపర్ ఇచ్చారు. చేత్తో రాసిన కాపీలో చుక్కలు బయటున్నాయి. ఉన్నది ఉన్నట్టు కొట్టి ఇచ్చాను. అచ్చయ్యాక వాళ్ల ఇంగ్లిష్ సార్ వచ్చి 14 చోట్ల తప్పని కౌంటర్ మీద కాగితాలు విసిరాడు. మళ్లీ వేయాల్సి వచ్చింది. మా ఓనర్ నా జీతంలోంచి 600 పట్టుకున్నాడు. మరుసటి ఏడాది అదే బడి నుంచి కొత్త సార్ వచ్చాడు. ఆయన ప్రూఫ్ మీద ఎర్ర పెన్నుతో చుక్క చుక్కకూ బాణం గీసి బయటికి లాగాడు. ఆ ప్రూఫ్ కాగితం ఇప్పటికీ నా డెస్క్ సొరుగులో ఉంది. ఇద్దరూ సార్లే. ఇద్దరి చేతిలోనూ కీ ఉంది. పైసలు పోయింది మాత్రం నావి.

పాలమూరు ఇంగ్లిష్ సార్ | 10:55
మీ 600కీ ఈ పిల్ల పేపర్‌కీ సంబంధం ఏంటి? ఈ మధ్య తల్లిదండ్రులు అర మార్కుకు కూడా ఊరంతా పిలిచి పంచాయితీ పెడుతున్నారు. పంతులు చెప్పింది తప్పని పదిమంది చేత అనిపించి పిల్లకు చూపిస్తే, రేపు ఆ పిల్ల క్లాసులో ఆ సార్ మాట వింటుందా?

పానగల్లు నాన్న | 11:12
నేను పంచాయితీ పెట్టలేదు సార్. ఇవాళ పొద్దున బడికి పోయాను, ఆ సంగతి పైన రాయలేదు. పేపర్ చూపించి, "సార్, ఇది ఎందుకు తప్పో చెబితే బిడ్డకు నేర్పుకుంటాం" అన్నాను. ఆయన పేపర్ వైపు చూడలేదు. "మీది ఏ మీడియం?" అన్నాడు. తెలుగు అన్నాను. "మరి మీకెందుకు ఇవి?" అన్నాడు. ఇంకో ముగ్గురు తల్లిదండ్రులు పక్కనే ఉన్నారు. బిడ్డ నా చెయ్యి పట్టుకుని ఉంది. తిరిగి వస్తుంటే బండి మీద వెనక కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక పాత మేడం గురించి అడిగింది. చుక్క ఎక్కడుండాలో నాకు నిజంగా తెలియదు. కానీ అడగడానికి నాకు హక్కు లేదన్న మాట నేను మింగలేకపోతున్నాను.

దేవరకొండ టీచర్ | 11:18
అన్నా, మీరు పొద్దున చేసింది సరైన పని. అంతకంటే మర్యాదగా ఎవరూ అడగలేరు.

పాలమూరు ఇంగ్లిష్ సార్ | 11:37
ఆ సార్ అట్ల అనకూడదు. తప్పు. ఆ మాట నేను సమర్థించను.
నా మాట కూడా వినండి. నాదీ పదో తరగతి దాకా తెలుగు మీడియమే, కోయిలకొండ దగ్గర. ఇంటర్‌లో ఇంగ్లిష్ చదవడానికి నిలబడితే క్లాసంతా నవ్వింది. ఆ రోజు నాకు ఆసరా దొరికింది నియమం ఒక్కటే. లోపల అంటే లోపల, గట్టిగా పట్టుకున్నాను. రెండు సెక్షన్లు కలిపి 58 పేపర్లు దిద్దుతాను. ఒక ఏడాది రెండూ ఒప్పుకున్నాను. ఒకే పేపర్‌లో మూడు చోట్ల లోపల, నాలుగు చోట్ల బయట పెట్టినవాళ్లు వచ్చారు. అడిగితే "రెండూ కరెక్టే కదా సార్" అన్నారు. పల్లె నుంచి వచ్చిన పిల్లకు మొదట ఒక దారి గట్టిపడాలి. రెండు దారులు చూపిస్తే పరీక్ష హాల్లో నిలబడిపోతుంది. అందుకే పట్టుపడతాను. అమెరికా మీద ప్రేమ కాదు.

దేవరకొండ టీచర్ | 11:50
ఇది మీరు మొదటే చెప్పి ఉంటే బాగుండేది సార్. ఒకటే నేర్పండి, నేను వద్దనను. కానీ ఈ బిడ్డ కలిపి రాయలేదు, తనకు నేర్పిన ఒక దారిలోనే రాసింది. బడి మారగానే నిన్నటిదాకా ఒప్పు అయింది తప్పు అయిపోతే, ఆ పిల్లకు తన పాత బడే తప్పు అనిపిస్తుంది. నా దగ్గర చదివి టౌన్‌కి వెళ్లిన పిల్లలు ఇట్లాగే ఫోన్ చేసి అడుగుతారు, "టీచర్, మీరు చెప్పింది ఇక్కడ తప్పంటున్నారు" అని. ఆ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టదు. కలర్ అనే మాటలో యు లేకపోతే మార్కు తీస్తాం, అంటే స్పెల్లింగ్ బ్రిటన్‌ది కావాలి. చుక్క మాత్రం బ్రిటన్ పద్ధతిలో పెడితే మార్కు తీస్తాం. పిల్లకు ఏం చెప్పాలి?

అచ్చంపేట బీఎడ్ | 11:54
అసలు ఆ రెండు వాక్యాలు ఏమిటో ఎవరూ అడగలేదు. అన్నా, పేపర్‌లో ఉన్నది ఉన్నట్టు రాయగలరా?

పానగల్లు నాన్న | ఆదివారం ఉదయం 7:20
బిడ్డ చెబుతుంటే రాస్తున్నాను. మొదటిది: ద పోయెట్ కాల్స్ ద ట్రీ "ఎ సైలెంట్ ఫ్రెండ్". రెండోది: డిడ్ షీ సే, "ఐ యామ్ టైర్డ్?"

ప్రెస్ గల్లీ | 7:41
మొదటిది బ్రిటన్ పద్ధతిలో నూటికి నూరు పాళ్లు సరి. రెండోది తప్పే అన్నా, రెండు పద్ధతుల్లోనూ. ప్రశ్న అడుగుతున్నది మనం, ఆమె కాదు. ఆమె "నేను అలసిపోయాను" అనింది, అంతే. కాబట్టి క్వశ్చన్ మార్కు కొటేషన్ బయట రావాలి. అక్కడ సార్ అర మార్కు తీయడం న్యాయమే.

గద్వాల కోడర్ | 7:45
అవును, రెండోది బయటే.

పాలమూరు ఇంగ్లిష్ సార్ | 8:15
రెండోది తప్పు. పాపం ఆ పిల్ల "లోపలే" అన్న మాటను క్వశ్చన్ మార్కుకూ పట్టుకుంది. అది మా నేర్పడంలో లోపం, ఎప్పుడైనా లోపలే అంటే ఇట్లాగే అవుతుంది. మొదటిది డైరెక్ట్ స్పీచ్ కాదు. నా క్లాసులో అయితే చుక్క చుట్టూ సున్నా చుడతాను, మన దగ్గర లోపల పెడదాం అని పక్కన రాస్తాను. మార్కు తీయను.

ప్రెస్ గల్లీ | 8:22
సున్నా కూడా ఎందుకు సార్?

పాలమూరు ఇంగ్లిష్ సార్ | 8:30
నా క్లాసు కాబట్టి.

పానగల్లు నాన్న | 9:05
రెండో వాక్యం బిడ్డకు తెలుగులో చెప్పి అర్థం చేయించాను. ఎవరు అడుగుతున్నారు, ఆమెనా, మనమా అంటే వెంటనే పట్టుకుంది. తనే పెన్సిల్‌తో క్వశ్చన్ మార్కు బయటికి దిద్దింది. మొదటి దాని సంగతే ఎట్లా అడగాలో అర్థం కావడం లేదు. మళ్లీ నేను పోవాలా?

దేవరకొండ టీచర్ | 9:16
మీరు వద్దు అన్నా, బిడ్డనే అడగనివ్వండి. ఏది కరెక్ట్ సార్ అని అడగొద్దు. "సార్, పాత బడిలో ఇట్లా నేర్చుకున్నాను. మన క్లాసులో ఏ పద్ధతి రాయాలి?" అని అడగమనండి. పాత మేడం తప్పు చెప్పలేదని మాత్రం ఈ రాత్రికే బిడ్డకు చెప్పండి.

పానగల్లు నాన్న | 9:28
అది ఇప్పుడే చెప్పేశాను అక్కా. రేపు ప్రేయర్ అయ్యాక అడుగుతానంది. అర మార్కు మాట ఎత్తొద్దని చెప్పాను.