ఉన్నత పాఠశాలలో సంగీతం: సరళీ స్వరాలతో మొదలుపెట్టాలా, పాటలతోనా?

ప్రశ్న (తెలుగు ఉపాధ్యాయిని, హనుమకొండ జిల్లా):
మిత్రులకు నమస్కారం. మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారానికొక పీరియడ్ సంగీతానికి కేటాయించి, చిన్నప్పుడు కొన్నాళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నానని ఆ బాధ్యత నాకు అప్పగించారు. బడిలో సంగీత ఉపాధ్యాయులు లేరు, ఒక పాత హార్మోనియం మాత్రం ఉంది. నాకు నేర్పిన పద్ధతిలోనే మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, అంటే సరిగమల తొలి పాఠాలు, ఎత్తుకున్నాను. ఆడపిల్లలు అందుకుంటున్నారు గాని, మగపిల్లల్లో చాలామందికి పై షడ్జం (పై ‘స’) దగ్గర గొంతు బొంగురుపోతోంది. పక్కవాళ్లు నవ్వగానే నోరు మూసుకుంటున్నారు. ఆ పిల్లలే సంక్రాంతికి ఐనవోలు జాతర చూసివచ్చి, మల్లన్న కథలు పాడే ఒగ్గువాళ్ల పాటను వరుస తప్పకుండా పాడుతున్నారు. స్వరాలు పక్కనపెట్టి పాటలే నేర్పితే సంగీతం నేర్పినట్లవుతుందా?

జవాబు 1 (సంగీత అధ్యాపకుడు, వరంగల్):
మేడమ్ గారూ, ముందుగా ఆ మగపిల్లల సంగతి చూడాలి. సుమారు 12 నుంచి 15 ఏళ్ల మధ్య స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై, మందమవుతాయి కాబట్టి గొంతు దాదాపు ఒక స్థాయి (‘స’ నుంచి పై ‘స’ దాకా ఉన్నంత) కిందికి దిగుతుంది. ఆ మార్పు జరిగే నెలల్లో నిన్న పలికిన స్వరం ఇవాళ పలకకపోవచ్చు. అది ఎవరి లోపమూ కాదని తరగతి మొత్తానికి మీరే వివరించండి. మొదటి సరళీ వరుసే పై షడ్జం దాకా వెళ్తుంది కనుక దాన్ని కొంతకాలం వాయిదా వేయడంలో తప్పులేదు. మీకు అలవాటై ఉండే ఐదు శ్రుతి (ఆధార ‘స’ ఎత్తు) వదిలి, దానికంటే తక్కువైన ఒకటి శ్రుతి పెట్టుకుని, షడ్జం నుంచి పంచమం (‘ప’) దాకా ఉన్న ఐదు స్వరాల్లోనే పాడించండి. ఆడపిల్లలు పై స్థాయిలో, గొంతు దిగిన మగపిల్లలు ఒక స్థాయి కింద, అందరూ కలిసి పాడగలుగుతారు.

జవాబు 2 (సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, జనగామ):
స్వరాలను పక్కనపెట్టనక్కరలేదు, పాటలోంచే తీయవచ్చు. ఒకరు బతుకమ్మ పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకునేటప్పుడు, చప్పట్లు ఏ అక్షరాల మీద పడుతున్నాయో పిల్లలచేతనే లెక్కపెట్టించండి. తర్వాత ఆ ఒక్క పాదానికి స్వరాలు హార్మోనియం మీద వెతికించండి. డప్పును కూడా తరగతిలోకి తీసుకురావాలని నా గట్టి అభిప్రాయం. వాయించే ముందు దాన్ని మంట దగ్గర కాస్తే తోలు బిగిసి నాదం పెరుగుతుంది; సిర్ర, సిటికెన పుల్ల అనే రెండు వాయించే పుల్లలు పట్టుకుని పిల్లలు ఆ తేడాను స్వయంగా వినాలి. అయితే డప్పు కులం పేరుతో అవమానాలు మోసిన వాద్యం కాబట్టి, డప్పు వాయించే ఇళ్ల పిల్లలకే దాన్ని అప్పగించకుండా అందరిచేతా వాయించండి. ఊళ్లోని కళాకారుణ్ణి పిలిస్తే గురువుగా కూర్చోబెట్టి, పారితోషికం ఇచ్చి పంపాలి. మా ప్రాంతపు ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్య గారిని సంగీత నాటక అకాడమీ పురస్కారం వరించిందని పిల్లలకు తప్పక చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఆ ఐదు స్వరాలు కూడా పలకని పిల్లలు ముగ్గురు నలుగురు ఉన్నారు. వాళ్లను ఏం చేయమంటారు?

జవాబు 1 (మళ్లీ):
పాడమని బలవంతపెట్టకండి, వెనక బెంచీకి పంపకండి. తాళం వాళ్లకే అప్పగించండి. పెదవులు మూసి ‘మ్‌’ అంటూ సన్నగా గొంతు కలపమనండి. గొంతు కుదుటపడ్డాక తరగతితో పాటు పాడతారు.