రజనీకాంతరావు గారి కాలపు రేడియో, నేటి జిల్లా కేంద్రాలు

ప్రశ్న (కృష్ణా తీరపు శ్రోత):

బాలాంత్రపు రజనీకాంతరావు గారు 2018 ఏప్రిల్‌లో, 98 ఏళ్ల వయసులో విజయవాడలో కన్నుమూశారు. కవిగా, స్వరకర్తగా, ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రచయితగా ఆయనను అందరూ తలుచుకుంటారు. నేను మాత్రం, ఏ వేళ ఏది వినిపిస్తే మనసుకు పడుతుందో ఎరిగిన ఆకాశవాణి కార్యక్రమ నిర్వాహకుడిగా తలుచుకుంటాను. మా ఇంట్లో తెల్లవారడమంటే రేడియోలో భక్తిగీతాల కార్యక్రమం భక్తిరంజని మొదలవడమే. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారి ధర్మసందేహాలు వస్తుంటే వీధిలో నడుస్తూనే ఒక్క మాటా పోకుండా వినగలిగేవాళ్లం. మా జిల్లా ఎఫ్‌ఎం కేంద్రంలో ఇప్పుడు సొంత కార్యక్రమాలు తగ్గి, రిలేలూ (వేరే కేంద్రం ప్రసారాన్ని అలాగే వినిపించడం), సినిమా పాటలూ పెరిగాయి. ఈ మార్పు ఎలా వచ్చిందో లోపల పనిచేసినవారు చెప్పగలరా?

జవాబు (ఒకప్పటి క్యాజువల్ అనౌన్సర్):

నేను ఒక జిల్లా కేంద్రంలో పదకొండేళ్లు పనిచేశాను. ఏ వారం ఏ వేళకు ఏమి రావాలో చెప్పే ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్ మాకు పంచాంగం లాంటిది. దాని ఆధారంగానే ఆ రోజు ప్రసారాల వరుసను చూపే క్యూ షీటు తయారయ్యేది. అరగంట గ్రామీణ కార్యక్రమం కోసం ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్ టేప్ రికార్డరుతో పల్లెకు వెళ్లి, ఒక పూటంతా మాటలు పోగుచేసుకొని వచ్చి, మరునాడు కూర్చుని ఎడిట్ చేసేవారు. ఆ పని తెలిసినవారు ఒక్కొక్కరే పదవీ విరమణ చేశారు, వారి స్థానాల్లోకి ఎవరూ రాలేదు. ఖాళీ అయిన సమయాన్ని నింపడానికి శ్రోతలు ఫోన్ చేసి మాట్లాడే, ఒక్క అనౌన్సరుతో నడిచిపోయే ఫోన్-ఇన్, అదీ కుదరనప్పుడు పెద్ద కేంద్రం రిలే మిగిలాయి. శ్రోతల అభిరుచి మారిందని అనేవారున్నారు కానీ, మా కేంద్రంలో ముందుగా మారినది సిబ్బంది సంఖ్యే.

జవాబు (జహీరాబాద్ ప్రాంతపు ఉపాధ్యాయురాలు):

అనౌన్సరు గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెబుతాను. ఫోన్-ఇన్‌ను తక్కువ చేయకండి. ఉత్తరం రాయడం రాని మా అమ్మ తన గొంతును రేడియోలో మొదటిసారి విన్నది అందులోనే. ఇక చిన్న కేంద్రం సొంత కార్యక్రమాలతో నిలబడగలదా అంటే, మా దగ్గరి మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళలు 2008 అక్టోబరులో ప్రారంభించిన సంఘం రేడియోను చూడండి. అది 90.4 మెగాహెర్ట్జ్‌పై, చుట్టుపక్కల పల్లెలకు మాత్రమే వినిపించే కేంద్రం. దళిత మహిళలే రికార్డు చేసి, చేను నుంచి ఇంటికి చేరిన ఆడవాళ్లు వినగలిగే సాయంత్రపు వేళ చూసుకొని, విత్తనాల గురించీ చిరుధాన్యాల గురించీ తమ యాసలోనే చెప్పుకున్నారు. రజనీ గారికి తెలిసిన ఆ వేళ లెక్క వీళ్లకూ తెలుసు.

ప్రశ్న వేసినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అనౌన్సరు గారూ, మీ దగ్గర పాత క్యూ షీట్లు ఏవైనా మిగిలి ఉంటే, ఒక్క వారానివైనా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఆ రోజుల్లో భక్తిరంజని తరువాత ఏమి వచ్చేదో, మా నాన్నగారు అడిగినప్పుడు నాకు గుర్తు రాలేదు.