ఎయిర్‌ఫీల్డ్ పక్క హెక్స్‌లో శత్రువు ఉంటే సప్లై ఆగిపోతుందా? (బర్మా 1944 గేమ్) అర్జెంట్

మూసీగట్టు:
అన్నలూ, ఎవరైనా తేల్చి చెప్పండి, ఇంక నా వల్ల కాదు. పొద్దున టిఫిన్ చేసి బోర్డు ముందు కూర్చున్నాం. సాయంత్రం టీ కూడా అయిపోయింది. ఆట మాత్రం ఉన్నచోటే ఉంది. బర్మా 1944 గేమ్, నేను బ్రిటిష్ వైపు, మా బావ జపాన్ వైపు. నా ఎయిర్‌ఫీల్డ్ పక్క హెక్స్‌లో (మ్యాప్ మీది ఆరు మూలల గడి) ఆయన ఒక కౌంటర్ (దళాన్ని చూపే అట్టముక్క) తెచ్చి పెట్టి "నీ ఎయిర్‌ఫీల్డ్ మూతపడ్డది, నీ మూడు బ్రిగేడ్లకు సప్లై లేదు, అది తెలిసేలా కౌంటర్లు తిప్పు" అంటున్నారు. రూల్ 14.5 చూపిస్తున్నారు: శత్రువు జోన్‌లో (అంటే శత్రు దళం చుట్టుపక్కల హెక్స్‌లలో) ఉన్న ఎయిర్‌ఫీల్డ్ ద్వారా సప్లై రాదు. నేను 9.2 చూపిస్తున్నా: మన దళం ఉన్న హెక్స్‌లో శత్రువు జోన్ సప్లై లెక్కకు రాదు. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి! 9 రాసినోడు 14 చదవలేదా ఏంది? బావ రాత్రికి మిర్యాలగూడ బస్సెక్కాలి. ఇంటి అల్లుడు కాబట్టి గట్టిగా అరవడానికి కూడా లేదు. తొందరగా చెప్పండి.

పాచికలోడు:
ఏ ఎడిషన్? ఎవరి టర్న్? ఎయిర్‌ఫీల్డ్ హెక్స్‌లో మీ దళం ఉందా?

మూసీగట్టు:
ఎడిషన్ ఏదైతే ఏంది అన్నా, రూల్ రూలే కదా. దళం ఉంది. ఉంది కాబట్టే 9.2 అంటున్నా.

పాచికలోడు:
ఏ దళం?

రూల్‌బుక్ రామన్న:
తమ్ముడూ, 9.2కూ 14.5కూ అసలు గొడవే లేదు. కాస్త నిదానంగా చదువు.

గాలి మార్గంలో సప్లై అంటే రెండు అంచెలు. మొదటిది, అస్సాంలోని బేస్ నుంచి డకోటా రవాణా విమానం వచ్చి నీ ఎయిర్‌ఫీల్డ్‌లో దిగాలి. రెండోది, దిగిన సరుకు నేల మీద హెక్స్ హెక్స్ దాటుకుంటూ నీ బ్రిగేడ్ దాకా చేరాలి. 9వ అధ్యాయం మొత్తం నేల దారి గురించే. కావాలంటే మొదటి వాక్యం చూడు, "సప్లై దారి గీసేటప్పుడు" అని ఉంటుంది. అంటే 9.2 నీ రెండో అంచెకు పనికొస్తుంది. విమానం దిగుతుందా లేదా అన్నది 14వ అధ్యాయం చూసుకుంటుంది, అక్కడ 9.2కు పనిలేదు. పైగా అన్నిటికీ వర్తించే రూల్‌కూ ఒక్కదాని కోసమే రాసిన రూల్‌కూ తేడా వస్తే, ఒక్కదాని కోసం రాసిందే చెల్లుతుంది. ఈ రకం గేమ్‌లలో ఎక్కడైనా అంతే. మీ బావ మాటే రైట్.

మూసీగట్టు:
అదేంది అన్నా, నువ్వు కూడా ఆయన పార్టీయేనా.

పాలమూరు పెద్దన్న:
నంబర్లు పట్టుకుని కొట్లాడుతున్నారు గానీ అసలు అక్కడ జరిగిందేమిటో ఒక్కరైనా చూశారా? 1944 మే 17న అమెరికా జనరల్ మెరిల్ దళమూ చైనా సైనికులూ కలిసి ఉత్తర బర్మాలోని మిచినా ఎయిర్‌స్ట్రిప్ పట్టుకున్నారు. ఊరు మాత్రం జపాన్ చేతిలోనే ఉండిపోయింది. ఆ ఊరు చేజిక్కింది ఆగస్టు 3న. అంటే రెండున్నర నెలలు ఇటు స్ట్రిప్ మిత్రపక్షాలది, అటు కూతవేటు దూరంలో ఊరు జపాన్‌ది. ఆ రెండున్నర నెలలూ విమానాలు దిగుతూనే ఉన్నాయి. పట్టుకున్న రోజే దిగడం మొదలుపెట్టాయి. బలగాలు, తిండి, మందుగుండు, దెబ్బతిన్నవాళ్లను తీసుకుపోవడం అన్నీ ఆ స్ట్రిప్ మీదే. పక్కన శత్రువు ఉంటే ఎయిర్‌ఫీల్డ్ మూత అన్నది నిజమైతే మిచినా ముట్టడే జరిగేది కాదు. 14.5 రాసినాయనకు ఈ సంగతి తెలియకుండా ఉంటుందా? ఆయన అనుకున్నది ఖాళీ ఎయిర్‌ఫీల్డ్. కాపలా దళం ఉంటే నడవాల్సిందే. తమ్ముడిదే రైట్.

గడియారం సెంటర్:
పెద్దన్నా, మీకు కావాల్సిన కథ ఒక్కటే చెప్పి మిగతాది వదిలేశారు. అదే నెలలో బర్మాలోనే బ్లాక్‌పూల్ అనే బ్రిటిష్ స్థావరం ఏమైంది? హోపిన్ దగ్గర రైలు మార్గానికి అడ్డంగా 111వ బ్రిగేడ్ మకాం వేసి స్ట్రిప్ కట్టుకుంది. జపాన్ వాళ్లు ఫిరంగులు, విమాన విధ్వంసక తుపాకులు దగ్గరికి తెచ్చి పెట్టాక అక్కడ విమానం దిగడమే కష్టమైంది. పైనుంచి జారవిడిచిన సరుకూ సరిగ్గా అందలేదు. వాన, బురద సరేసరి. మే 25న మొత్తం వదిలేసి కొండలెక్కారు. కాపలాకు దళం లేకనా? బ్రిగేడ్ మొత్తం అక్కడే ఉంది కదా. 14.5 పుట్టింది ఇందుకే.

పాలమూరు పెద్దన్న:
అది ఫిరంగి దెబ్బ. గేమ్‌లో ఫిరంగికి వేరే రూల్ ఉంది. జోన్‌తో కలపకండి.

గడియారం సెంటర్:
జోన్ అంటేనే ఆ దళం చుట్టూ దాని తుపాకులు, గస్తీ, భయం అన్నీ కలిపిన లెక్క. ఇంకెలా చూపిస్తాడు బోర్డు మీద? నిజంగా న్యాయం చేయాలంటే "శత్రువు పక్కన ఉంటే పాచిక వెయ్యి, దిగితే దిగింది, లేకపోతే విమానం పోయింది" అని పెట్టాలి. 1941లో క్రీట్‌లో మాలెమె దగ్గర జర్మన్లు చేసింది అదే. మే 21న ఇంకా ఫిరంగి గుండ్లు పడుతుండగానే యుంకర్స్ రవాణా విమానాలు వరసగా దించారు. చాలా పగిలిపోయాయి, అయినా దీవి చేతికొచ్చింది. ఈ గేమ్‌లో అంత ఓపిక లేక ఒక్క వాక్యంతో మూసేశాడు.

దక్కన్ డైరీ:
ఎయిర్‌ఫీల్డ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మనవాళ్లకు బర్మా, క్రీట్ అన్నీ నోటికి వచ్చు. సొంత గడ్డ మీది ఎయిర్‌ఫీల్డ్ సంగతి ఎవరికీ పట్టదు. వరంగల్ మామునూరు ఎయిర్‌ఫీల్డ్ నిజాం కాలం నాటిది. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి మన సంస్థానానికి దొంగచాటుగా విమానాల్లో ఆయుధాలు తోలాడు. సంస్థానానికి ఓడరేవు లేదు, చుట్టూ భారత భూభాగం. బయటి నుంచి తుపాకీ రావాలంటే ఎయిర్‌ఫీల్డ్ తప్ప దిక్కు లేదు. అన్నీ వచ్చినా సెప్టెంబర్ 13న మొదలైన పోలీసు చర్య 17కు ముగిసింది. విజయవాడ వైపు నుంచి సైన్యం కోదాడ, సూర్యాపేట మీదుగా మన నల్లగొండ జిల్లాలోంచే నడిచింది. దీని మీద ఎవరైనా ఒక గేమ్ తయారు చేస్తే బాగుంటుంది. అయిదు రోజులు, అయిదు టర్న్‌లు, నాలుగు దిక్కుల నుంచి దాడి. ఎయిర్‌ఫీల్డ్ రూల్ ఒక్కటి గట్టిగా రాస్తే చాలు. నేను మ్యాప్ గీయడం మొదలుపెట్టాను, ఆసక్తి ఉన్నవాళ్లు...

పాచికలోడు:
వేరే చర్చ పెట్టుకోండి.

దక్కన్ డైరీ:
సంబంధం ఉన్న విషయమే కదా అండీ.

పాలమూరు పెద్దన్న:
మా దేవరకద్రకు ఎయిర్‌పోర్టు వస్తుందని ఏళ్ల నుంచి వింటున్నాం. అదొచ్చే లోపు మీ మ్యాప్ పూర్తవుతుంది లెండి.

మూసీగట్టు:
అన్నలూ, దండం పెడతా. నాకు నిజాం వద్దు, దేవరకద్ర వద్దు. కౌంటర్లు తిప్పాలా వద్దా? ఒకరు బావ రైట్ అంటారు, ఒకరు నేను రైట్ అంటారు. బావ పక్కన కూర్చుని నవ్వుతున్నారు.

పాచికలోడు:
నేనడిగిన వాటికి ఇంకా జవాబు రాలేదు. ఫోటో పెట్టండి. రెండు కౌంటర్లు, చుట్టూ మ్యాప్, టర్న్ ట్రాక్ (ఎన్నో టర్నో చూపే పట్టీ) అన్నీ కనబడాలి.

మూసీగట్టు:
[ఫోటో] లైటింగ్ బాలేదు, సర్దుకోండి. మూలకు కనబడేది పల్లీల గిన్నె, ఆటలోది కాదు.

పాచికలోడు:
జపాన్ కౌంటర్‌కూ మీ ఎయిర్‌ఫీల్డ్‌కూ మధ్య లావుపాటి నీలం గీత ఉంది. అది ఇరావతి. పెద్ద నది దాటి జోన్ పోదు, 8.4. ఇక 14.5 మాటే రాదు.

మూసీగట్టు:
నది ఉంటే ఏంది అన్నా? అది మ్యాప్ మీద ఎప్పుడూ ఉన్నదే కదా, అందుకే చెప్పలేదు.

రూల్‌బుక్ రామన్న:
ఆ ఒక్క గీత గురించి మొదటే చెప్పి ఉంటే నాకు రెండు అంచెల పురాణం టైప్ చేసే పని తప్పేది తమ్ముడూ. సరే. 8.4 మాత్రం కొత్త ఎడిషన్‌లోనే ఆ రూపంలో ఉంది. పాతదాంట్లో "వంతెన లేని పెద్ద నది" అని ఉండేది. నీ పెట్టె ఏది? ఆ హెక్స్ గీత మీద వంతెన గుర్తేమైనా ఉందా?

మూసీగట్టు:
సెకండ్ హ్యాండ్ పెట్టె అన్నా. అట్ట మీద ఎడిషన్ గిడిషన్ ఏమీ లేదు. వంతెన లేదు.

రూల్‌బుక్ రామన్న:
అయితే ఏ ఎడిషన్ అయినా జోన్ దాటదు. దాని మీద నువ్వు గెలిచావు. కానీ ఫోటో పెద్దది చేసి చూస్తే నాకు ఇంకో రెండు కనిపిస్తున్నాయి. మొదటిది, నువ్వు పొద్దుటి నుంచి ఎయిర్‌ఫీల్డ్ ఎయిర్‌ఫీల్డ్ అంటున్నది మ్యాప్ మీద అచ్చు వేసిన గుర్తు కాదు. ఇంజనీర్లతో కట్టించి పెట్టిన స్ట్రిప్ కౌంటర్. రెండోది, టర్న్ ట్రాక్ మీద గుర్తు జూన్‌లో ఉంది.

గడియారం సెంటర్:
అమ్మో. 17.3.

మూసీగట్టు:
17.3 ఏంది? వాతావరణం చాప్టర్ మేం ఇంకా చదవలేదు, మొదటి ఆటకు అవసరం లేదన్నారు ఎవరో.

రూల్‌బుక్ రామన్న:
17.3: వానాకాలం టర్న్‌లలో, కట్టిన స్ట్రిప్ మీద ఇనుప పలకల మార్కర్ లేకపోతే అది పనిచేయదు. అచ్చు వేసిన ఎయిర్‌ఫీల్డ్‌కు ఈ బాధ లేదు. నీ స్ట్రిప్ మీద మార్కర్ లేదు. కాబట్టి మీ బావ జపాన్ కౌంటర్‌ను ఎక్కడ పెట్టినా, అసలు పెట్టకపోయినా, నీకు ఈ టర్న్ సప్లై లేదు.

పాలమూరు పెద్దన్న:
దీన్ని నేను ఒప్పుకోను. మిచినాలో జూన్, జూలై వానల్లో బురదలోనే దించారు కదా.

గడియారం సెంటర్:
మిచినా అచ్చు వేసిన ఎయిర్‌ఫీల్డ్, స్ట్రిప్ కౌంటర్ కాదు. చరిత్రలో కూడా అది జపాన్ వాళ్లు వాడుకుంటున్న ఎయిర్‌ఫీల్డ్. తమ్ముడిది అడవిలో గడ్డి కోసి చదును చేసిన బాపతు. అలాంటి వాటికి బర్మా అడవిలో బ్రిటిష్ వాళ్లు పెట్టిన బ్రాడ్‌వే స్థావరం ఉదాహరణ చూడండి. మార్చి 5 రాత్రి గ్లయిడర్లలో దిగి, మర్నాడు పగలంతా చదును చేసి, ఆ రాత్రికే డకోటాలు దించారు. అంత వేగంగా కట్టింది అంత వేగంగానే కొట్టుకుపోతుంది. అందుకే అలాంటి స్థావరాలైన అబర్డీన్, వైట్ సిటీ, బ్రాడ్‌వే మూడూ వానలు ముదరక ముందే మేలో ఖాళీ చేశారు.

పాలమూరు పెద్దన్న:
రూల్‌బుక్ 14.6లో "స్ట్రిప్‌ను అన్ని విధాలా ఎయిర్‌ఫీల్డ్‌గానే లెక్కించాలి" అని ఉంది. అన్ని విధాలా అంటే వానకు కూడా. ఇందాక రామన్న చెప్పింది ఏమిటి, 17 మొత్తం అందరికీ వర్తించే అధ్యాయం, 14 ఎయిర్‌ఫీల్డ్‌ల కోసమే రాసింది. ఆయన లెక్కనే 14 చెల్లాలి.

రూల్‌బుక్ రామన్న:
14.6 వాక్యం పూర్తిగా రాయండి పెద్దన్నా. "వేరుగా చెప్పిన చోట తప్ప" అని చివర ఉంది. 17.3 అలా వేరుగా చెప్పిన చోటే.

పాలమూరు పెద్దన్న:
వేరుగా అంటే 14వ అధ్యాయంలో వేరుగా అని. మూడు అధ్యాయాల అవతల దాచిపెట్టి ఇది వేరుగా చెప్పినట్టే అంటే ఎలా?

పాచికలోడు:
17.3.

పాలమూరు పెద్దన్న:
నంబర్ చెబితే వాదన అయిపోదు.

మూసీగట్టు:
నది సంగతి చూపించిన, బావ ఒప్పుకున్నారు. బ్రిగేడ్లు తిప్పలేదు. వాన సంగతి ఇంకా చెప్పలేదు 😄 బస్సు టైమ్ అయింది, బోర్డు ఎవరూ కదపకుండా అల్మారా మీద పెట్టినం. థాంక్స్ అందరికీ.

రూల్‌బుక్ రామన్న:
తమ్ముడూ, చెప్పాలి అది. ఆట ఆటే.

గడియారం సెంటర్:
చెప్పకు. దసరాకు మళ్లీ వస్తారుగా, అప్పటికి ఇనుప పలకల మార్కర్ ఒకటి పెట్టించుకో. దానికి ఇంజనీర్ దళం ఒక పూర్తి టర్న్ కదలకుండా స్ట్రిప్ మీద ఉండాలి, మరిచిపోకు.

రూల్‌బుక్ రామన్న:
ఒకటి కాదు, రెండు టర్న్‌లు. వానలో రెట్టింపు.

గడియారం సెంటర్:
అది రోడ్డుకు. స్ట్రిప్‌కు కాదు.

రూల్‌బుక్ రామన్న:
14.7 చూడండి.

గడియారం సెంటర్:
14.7 చూసే చెబుతున్నా.

దక్కన్ డైరీ:
మ్యాప్ మొదటి షీట్ అయింది, కోదాడ నుంచి నార్కట్‌పల్లి దాకా. హెక్స్ ఒక్కోటి ఎన్ని కిలోమీటర్లు పెడితే బాగుంటుంది?

పిల్లలమర్రి నీడ:
కొత్తగా చేరాను. ఈ గేమ్ పెట్టె మహబూబ్‌నగర్‌లో గానీ హైదరాబాద్‌లో గానీ సెకండ్ హ్యాండ్‌లో ఎక్కడైనా దొరుకుతుందా? కౌంటర్లు అన్నీ ఉంటే చాలు, పెట్టె చిరిగినా పర్వాలేదు.